కాన్పూరు నుంచి ఒక గీత

ఆదివారం, బెంగళూరు

మధ్యాహ్నం భోజనానికి పెదనాన్న వచ్చారు. ఇక్కడి విమానాల కర్మాగారం హెచ్.ఏ.ఎల్.లో ముప్ఫై ఏళ్లకు పైగా ఫిట్టరుగా పనిచేసిన ఆయనకు, విమానం రేకులను బిగించే రివెట్ల మోత పుణ్యమా అని, ఎడమ చెవి సరిగా వినిపించదు కాబట్టి, ఆయనకు ఏ వైపున ఎవరు కూర్చోవాలన్నది మా ఇంట్లో విస్తళ్లు వేయకముందే తేలిపోతుంది. వంకాయ కూర మారు వడ్డిస్తుండగా మా అబ్బాయి ఫోనులో ఒక పాత లిబరేటరు బాంబరు విమానం ఫొటో చూపించాడు. ముక్కు మీద ‘విచ్‌క్రాఫ్ట్’ అన్న పేరు, పక్కన అమెరికా నక్షత్రం. పెదనాన్న ఫోనును దూరంగా పట్టుకుని చూసి, “ఇది మన కాన్పూరు సరుకేరా” అన్నారు.

ఆ మాట నిజం. 1944లో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో తయారై, ఆ ఏడాదే బ్రిటిష్ వాయుసేనకు చేరి, జపాను మీద యుద్ధంలో పనిచేసిన విమానమది. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తి, ఈ కొస నుంచి ఆ కొసకు 110 అడుగుల రెక్కలు ఉన్న ఈ లిబరేటర్లు మొత్తం 18,000కు పైగా తయారయ్యాయి. బెంగాలులోని స్థావరాల నుంచి లేచి, సముద్రం దాటి, రంగూను మీదా, బర్మా-సయాం రైలు మార్గం మీదా బాంబులు వేసి రావడం వాటి పని. అయితే అవి అమెరికా అరువిచ్చినవి. యుద్ధం ముగిశాక తిరిగి ఇచ్చివేయాలి, లేదా ఎగరడానికి వీల్లేకుండా పాడుచేయాలి. బ్రిటిష్‌వారు వాటిని కాన్పూరుకు చేర్చి రెండో దారి పట్టారు. ఇంజన్లలో ఇసుక పోశారనీ, మీటర్లు పగలగొట్టారనీ, రేకులకు చిల్లులు పొడిచారనీ చెబుతారు.

స్వాతంత్ర్యం వచ్చాక భారత వాయుసేనకు భారీ బాంబర్లు కావలసివచ్చాయి, కొనడానికి డబ్బు లేదు. ఆ తుక్కులోంచి విమానాలను లేపగలరా అన్న ప్రశ్న హెచ్.ఏ.ఎల్. ముందుకు వచ్చింది. వాళ్లు సరే అనడం కేవలం సాహసం కాదనిపిస్తుంది నాకు. 1943 నుంచి యుద్ధం ముగిసేదాకా ఆ కర్మాగారం అమెరికా వాయుసేన మరమ్మతు డిపోగా నడిచింది. అక్కడి పనివాళ్లు అలాంటి పెద్ద విమానాలను ముందే విప్పి బిగించినవాళ్లు.

“రేకుకు చిల్లు పడితే ఏం చేస్తారు పెదనాన్నా?” అని అడిగాను, జవాబు సగం తెలిసినా. ఆయన కంచం పక్కకు జరిపి, చూపుడు వేలితో బల్ల మీద గీసి చూపించారు. పగులు ఇంకా పాకకుండా దాని చివర చిన్న బెజ్జం వేయాలట; చిరిగిన మేర కత్తిరించి, మాసిక వేసి, చుట్టూ రివెట్లు కొట్టాలట. రివెట్టు ఒక్కడి పని కాదు. బయటినుంచి ఒకడు రివెట్లు కొట్టే గన్ను నొక్కుతుంటే, లోపల ఒకడు డాలీ అనే ఇనుప దిమ్మను ఆనించి పట్టుకోవాలి. ఒకరికొకరు కనిపించరు. మోతలో తేడాను బట్టే రివెట్టు కూర్చుందో లేదో తెలుసుకోవాలి. “నేనెప్పుడూ డాలీ వైపేరా” అని చెవి తడుముకున్నారు.

కాన్పూరులో అంతంతమాత్రం మరమ్మతు చేసి, ఎగరగలిగితే చాలన్న స్థితిలో ఒక్కొక్కదాన్నీ బెంగళూరుకు నడుపుకుని వచ్చారు, హెచ్.ఏ.ఎల్. టెస్టు పైలట్ జిమ్మీ మున్షీ పేరు ఈ ప్రయాణాలతోనే ముడిపడి ఉంది. ఇక్కడ పూర్తిగా బాగుచేసినవి 42. 1948 నవంబరులో కాన్పూరులోనే వాయుసేన 5వ స్క్వాడ్రన్ (విమాన దళం) వాటితో మొదలైంది. తరువాత 6వ స్క్వాడ్రన్ సముద్రం మీద గస్తీకి వాటిని వాడింది. 1968లో అవి విశ్రమించేనాటికి ప్రపంచంలో మిగతా చోట్ల లిబరేటర్లు దాదాపు కనుమరుగయ్యాయి కాబట్టి మ్యూజియాలన్నీ మనవైపు చూశాయి. ఒకటి 1974లో బ్రిటన్‌కు వెళ్లి ఇప్పుడు లండన్‌లోని హెండన్‌లో ఉంది. ఒకటి ఢిల్లీ పాలంలో మిగిలింది.

నాకు మింగుడుపడనిది ఆ రంగుల సంగతి. హెండన్‌లోని విమానానికి బ్రిటిష్ గుర్తులున్నాయి. అమెరికా చేరిన ఆ ఫొటోలోని ‘విచ్‌క్రాఫ్ట్’, అమెరికా దళాల తరఫున ఒక్క రోజైనా యుద్ధం చేయకపోయినా, అమెరికా నక్షత్రం తొడుక్కుంది. అది యుద్ధంలో ఉన్నది ఏడాది కూడా కాదు. మన దగ్గర మాత్రం ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లే రంగు కిందకు పోయాయి. పెదనాన్నకు ఈ బాధ ఏమీ ఉన్నట్టు లేదు. “రివెట్లు మనవే కదరా” అని మజ్జిగ కలుపుకున్నారు.

సాయంత్రం అబ్బాయి హోంవర్కు కోసం గీసుకున్న భారతదేశ పటం మీద స్కేలు పెట్టి, కాన్పూరు నుంచి బెంగళూరుకు పెన్సిలుతో గీత గీశాను. దాదాపు పదిహేనువందల కిలోమీటర్లు. గీత సరిగ్గా హైదరాబాదు మీదుగా పోయింది. రేపు టీచరుకు చూపించాలంటూ వాడు దాన్ని రబ్బరుతో గట్టిగా రుద్దేసరికి గోదావరి కూడా కొంత చెరిగిపోయింది. దాన్ని తిరిగి గీసేసరికి రాత్రి పది దాటింది.