రెండు ఫ్లాపీల మీద నడిచిన ఆఫీసు

టైపు నేర్చుకున్న చేతులతో కంప్యూటర్ ముందు కూర్చున్న తరం మాది. నా బల్ల మీదికి వచ్చిన మొదటి యంత్రం సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టం మీద నడిచేది. జెడ్80 ప్రాసెసర్, 64 కిలోబైట్ల మెమరీ, ఆకుపచ్చ అక్షరాల తెర, రెండు ఫ్లాపీ డ్రైవులు. హార్డ్ డిస్కు లేదు. ఏ (A) డ్రైవులో ప్రోగ్రాము, బీ (B) డ్రైవులో మన పని. ఉత్తరాలు, జీతాల పట్టీ, స్టోర్స్ నిల్వలు అన్నీ అలాగే నడిచాయి. ఆ యంత్రమంటే నాకు ఇప్పటికీ గౌరవం. లోపల ఏం జరుగుతోందో వాడే గుమాస్తాకు కూడా అర్థమయ్యేంత చిన్నది అది.

చెవితోనే చాలా తెలిసేది. మెమరీలో మొత్తం పట్టదు కనుక, మేం ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాము వర్డ్‌స్టార్ తనలో కొన్ని భాగాలను ఓవర్‌లే ఫైళ్లుగా డిస్కు మీదే ఉంచేది. ఏదైనా మెనూ అడిగితే ఏ డ్రైవు దీపం వెలిగేది, టకటకమని చప్పుడు, ఆ తర్వాత మెనూ. బీ డ్రైవు కదిలిందంటే రాసింది భద్రమవుతోందని అర్థం. తల వంచి చేతిరాత కాగితం చూసుకుంటూ టైపు చేస్తున్నా యంత్రం ఏ పనిలో ఉందో తెలిసిపోయేది.

కొత్తగా వచ్చినవాళ్లకు మొదట నేర్పేది డిస్కు మార్చడం. బీ డ్రైవులో డిస్కు తీసి ఇంకొకటి పెడితే వెంటనే కంట్రోల్-సీ నొక్కాలి. నొక్కకుండా రాయబోతే, ఈ డ్రైవు చదవడానికి మాత్రమే అని ఒక పొడి వాక్యం వచ్చి పని ఆగిపోయేది. చాలామంది దీన్ని యంత్రం మొండితనం అనుకునేవారు. కాదు. ఏ బ్లాకు నిండింది, ఏది ఖాళీ అన్న పటాన్ని సీపీ/ఎం మెమరీలో పెట్టుకునేది. డిస్కు మారితే ఆ పటం పాత డిస్కుది. దాన్ని నమ్మి రాస్తే కొత్త డిస్కులో ఉన్న ఫైళ్ల మీద రాసినట్టే. డైరెక్టరీ తేడా కనిపించగానే చేయి ఆపేసేది, కంట్రోల్-సీ నొక్కితే మళ్లీ చదువుకునేది. కారణం చెప్పి నేర్పిన ఎవరూ ఆ కీ మరిచిపోయినట్టు నేను చూడలేదు.

ఫైలు నకలు తీసే పిప్ ఆజ్ఞలో ఎక్కడికి పోవాలో ముందు రాయాలి, ఎక్కడి నుంచో తర్వాత. డాస్ అనే మరో ఆపరేటింగ్ సిస్టం వచ్చాక దాని కాపీ ఆజ్ఞలో ఆ వరుస తిరగబడింది. రెండూ ఒకే ఆఫీసులో ఉన్న రోజుల్లో కీబోర్డు పక్కన చీటీ అంటించుకునేవాళ్లం.

ఇక వర్డ్‌స్టార్ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. రాబ్ బార్నబీ దాన్ని అసెంబ్లీ భాషలో రాశారు, 1978లో విడుదలైంది. అప్పటి టెర్మినళ్లలో చాలావాటికి బాణం కీలు ఉండేవి కావు. అందుకని కంట్రోల్ నొక్కి ఈ (E) అంటే పైకి, ఎక్స్ అంటే కిందికి, ఎస్ ఎడమకు, డీ కుడికి. ఆ నాలుగు కీలు కీబోర్డు మీద ఎలా ఉన్నాయో చూడండి, దిక్కులకు తగ్గట్టే ఉంటాయి. వాటికి అటూ ఇటూ ఉన్న ఏ (A), ఎఫ్ ఒక్కో మాట దాటేవి. పైనున్న ఆర్, కిందనున్న సీ ఒక్కో తెర కదిపేవి. ముందు కంట్రోల్-క్యూ నొక్కితే అదే దిక్కున చివరిదాకా: క్యూ-ఎస్ పంక్తి మొదటికి, క్యూ-ఆర్ ఫైలు మొదటికి. ఇందులో బట్టీ పట్టాల్సింది చాలా తక్కువ. మా కీబోర్డులో కంట్రోల్ కీ ఏ (A) అక్షరం పక్కనే ఉండేది, చిటికెన వేలుకు అందేలా. టైపిస్టు చేయి తన చోటు వదలకుండా పేజీ అంతా తిరిగి రావచ్చు. టైపు మిషను మీద ఏళ్ల తరబడి కష్టపడి తెచ్చుకున్న వేగానికి ఎవరో విలువ ఇచ్చారని నాకు అనిపించింది. ఆ తర్వాత వచ్చిన మౌస్ ప్రతి నాలుగు మాటలకూ నా చేయి ఎత్తించింది. అది మెరుగుదల అని నేను ఈరోజుకీ ఒప్పుకోను.

స్ప్రెడ్‌షీట్ సంగతి అకౌంట్స్ వాళ్లు చెప్పాలి. 1979లో యాపిల్ 2 మీద విజికాల్క్ మొదలుపెట్టిన పనిని మా యంత్రం మీద సూపర్‌కాల్క్ చేసేది. 1983లో ఐబీఎం పీసీకి లోటస్ 1-2-3 వచ్చాక వాళ్లు వెనక్కి చూడలేదు.

నా మనసు డీబేస్ 2 మీద ఉండేది. వేన్ రాట్లిఫ్ రాసిన డేటాబేస్ ప్రోగ్రాము అది. పేరులో రెండు ఉంది కానీ డీబేస్ 1 అన్నది అమ్మకానికి ఎప్పుడూ రాలేదు. మొదలుపెడితే తెర మీద ఒక చుక్క కనిపిస్తుంది, అంతే. ఏం కావాలో మనమే చెప్పాలి. రికార్డుకు 32 ఫీల్డులు, ఫైలుకు 65,535 రికార్డులు దాని హద్దు. మా స్టోర్స్‌కు అది ధారాళంగా సరిపోయేది.

స్టోర్స్ పెద్ద గుమాస్తా గారు మొదట కంప్యూటర్‌ను నమ్మలేదు. ఆయన రిజిస్టరులో రబ్బరుకు చోటు లేదు. తప్పు పద్దు మీద గీత కొట్టి పక్కన సంతకం చేసేవారు. నేను ఒక రికార్డును తొలగించి జాబితా అడిగి చూపించాను. ఆ రికార్డు అక్కడే ఉంది, ముందు ఒక నక్షత్రం గుర్తు చేరింది. రీకాల్ అన్నాను, నక్షత్రం పోయింది. "చూడమ్మా, కొట్టేసిన పద్దు ఇలాగే కనబడాలి. ఇదైతే నాకు అర్థమవుతుంది" అన్నారు. డీబేస్‌లో ప్రతి రికార్డుకు ముందు ఒక బైటు ఉంటుంది. మామూలుగా అందులో ఖాళీ, తొలగిస్తే నక్షత్రం. ప్యాక్ అన్న ఆజ్ఞ ఇచ్చేదాకా రికార్డు నిజంగా పోదు. ఏడాది లెక్కలు ముగిసి, నక్షత్రాలతో సహా వెడల్పు కాగితం మీద ముద్రించి ఆయన సంతకం పెట్టాకే మేం ప్యాక్ చేసేవాళ్లం. ఆ పద్ధతి ఆయనది. ఆ తర్వాత నేను చూసిన ఎన్నో ఖరీదైన ప్యాకేజీలలో అంత నిజాయితీ కనబడలేదు.

డీబేస్ రికార్డులను దాచే డీబీఎఫ్ ఫైళ్లు ఇంకా బతికే ఉన్నాయి. తర్వాతి డీబేస్ 3 ఫైలును నేను ఈమధ్య లిబ్రాఫీస్‌లో తెరిస్తే వరుసలన్నీ చక్కగా వచ్చాయి. పటాలు తయారు చేసేవాళ్లు వాడే షేప్‌ఫైళ్లలో వివరాల పట్టిక ఇప్పటికీ డీబీఎఫ్ రూపంలోనే ఉంటుంది. 2024లో రచయిత రాబర్ట్ జె. సాయర్ వర్డ్‌స్టార్ 7ను, దాని పుస్తకాలతో సహా, అందరూ దించుకునేలా పెట్టారు. డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాములను ఇప్పటి యంత్రాల మీద నడిపేది) నడిపి చూశాను. వేళ్లకు ఏమీ గుర్తు చేయాల్సిన పని పడలేదు.

మీ దగ్గర ఆనాటి డిస్కులు ఉంటే దయచేసి పారేయకండి. బూజు ఉంటే డ్రైవులో పెట్టకండి, డిస్కుతో పాటు దాన్ని చదివే హెడ్ కూడా పాడవుతుంది. గ్రీజ్‌వీజల్ లాంటి చిన్న బోర్డు, ఒక పాత డ్రైవు ఉంటే అయస్కాంత ముద్రను ఉన్నదున్నట్టు చదివి దాచుకోవచ్చు. ఒక్క చిక్కు ఉంది. 8 అంగుళాల సీపీ/ఎం డిస్కులకు ఐబీఎం 3740 అనే ఉమ్మడి ఫార్మాట్ ఉండేది కానీ, 5.25 అంగుళాల డిస్కులను ఒక్కో తయారీదారు ఒక్కో తీరున ఫార్మాట్ చేశారు. కాబట్టి ఏ యంత్రం మీద రాసిన డిస్కో గుర్తున్నవాళ్లు ఉండగానే, దాని పేరు, మోడలు లేబుల్ మీద రాయించండి. అంటించిన లేబుల్ మీద రాసేటప్పుడు బాల్‌పెన్ వద్దు, మెత్తని స్కెచ్ పెన్ వాడండి.