కొబ్బరి పొట్టులో చేపపిల్లలు

కొరియర్‌లో వచ్చిన కవర్ చూసి "టీ పొడి తెప్పించావేంట్రా?" అంది అమ్మ. జిప్ కవర్‌లో గుప్పెడు చెమ్మ కొబ్బరి పొట్టు, అందులో ఆవగింజ కంటే చిన్న గుడ్లు. నోతోబ్రాంకియస్ గుంతెరి అనే కిల్లీ చేపవి. దాని సొంతూరు టాంజానియాలోని జాంజిబార్ దీవి. వానకు నిండే గుంటల్లో బతుకుతుంది. గుంట ఎండితే చేపలన్నీ చస్తాయి, బురదలోని గుడ్లు మాత్రం మళ్ళీ వాన దాకా ఆగుతాయి. మన ఇంట్లో ఆ బురద పని పొట్టు చేస్తుంది. పిండితే చుక్క రాకూడదు, అలాగని పొడిపొడిగా రాలకూడదు.

ఈ రకం గుడ్లలో పిల్ల ఎదగడానికి 25 డిగ్రీల దగ్గర సుమారు మూడు నెలలు పడుతుంది. కవర్‌ని థర్మాకోల్ డబ్బాలో పెట్టి బీరువా అడుగున దాచాను. దాచానన్న మాటే గానీ రోజూ తీసి చూడ్డమే. తొమ్మిదో వారంలో ఒక గుడ్డులో రెండు నల్లటి కళ్ళు కనబడ్డాయి. ఇక ఆగలేకపోయాను. సగం పొట్టు డబ్బాలో వేసి, బకెట్లో నిలవ పెట్టిన నీళ్ళు పోసేశాను.

మర్నాటికి ఏడు పిల్లలు. ఐదు పైకి లేవలేక, అడుగున పొట్ట మీద జారుతూ తిరిగాయి. గాలితిత్తి నిండలేదు, అలాంటివి ఇక ఈదవు. మిగిలిన రెండింటికి మేత లేదు. వాటికి వేసే మేత ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి. దాని గుడ్లు పొదగడానికే ఒక రోజు పైన పడుతుంది, నేనేమో పిల్లలు కనబడ్డాక మొదలుపెట్టాను. అవీ పోయాయి.

"తొలకరి పడిందని ఉన్న విత్తనమంతా చల్లేస్తారా ఎవరైనా?" అంది అమ్మ. సగమే వేశానని వాదించాను గానీ, నాకు లేని ఆ తెలివి గుడ్లకే ఉంది. అన్నీ ఒకే వేగంతో ఎదగవు, కొన్ని మధ్యలో నిద్రపోతాయి. మొదటి వాన మోసం చేసినా ఇంకో విడత మిగిలే ఉంటుంది. అందుకే తడిసిన పొట్టును పారెయ్యకుండా గుడ్డలో వడగట్టి, పేపర్ మీద ఆరబెట్టి, తేదీ రాసి దాచాను.

రెండో సగానికి మరో ఐదు వారాలు ఓపిక పట్టాను. పది గుడ్లు ఏరి భూతద్దంలో చూస్తే తొమ్మిదింటిలో కళ్ళ చుట్టూ బంగారు రంగు వలయం. బాపట్ల దగ్గర రొయ్యల హేచరీలో పనిచేసే మా బాబాయి కొడుక్కి ఫోన్ చేశాను, వాళ్ళకి ఆర్టీమియా రోజువారీ పని. "లీటరుకి 25 గ్రాముల ఉప్పు వెయ్యి అన్నయ్యా, గాలి మాత్రం ఆపకు, అడుక్కి దిగితే పొదగవు" అన్నాడు. ఈసారి ఆర్టీమియాని ముందు రోజే పెట్టేశాను. తెల్లారి ఫ్రిజ్ నీళ్ళు కలిపి 18 డిగ్రీలకు తెచ్చి, నాలుగు వేళ్ళ ఎత్తున పోశాను. ఆ తడి, చల్లదనం తగిలితే గుడ్లకి వానొచ్చినట్టే.

మధ్యాహ్నానికి డబ్బా నిండా కనురెప్ప వెంట్రుకల్లాంటి పిల్లలు. నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. ఆర్టీమియా వేసిన కాసేపటికి ఒక్కోదాని పొట్టలో నారింజ రంగు చుక్క! ఆ పూట ఆఫీసుకు సెలవు పెట్టేశాను.

ఆరబెట్టి దాచిన పొట్టును రెండు నెలలకు మళ్ళీ తడిపితే ఇంకో పదకొండు వచ్చాయి. వీటికి వేరే డబ్బా, పెద్దవాటిలో వేస్తే మేతైపోతాయి. అప్పటికే పెద్దవాటిలో మగవాటి తోకలు ఎర్రబడుతున్నాయి.