ఇల్లు పంచుకోలేక ఫ్లాట్లు పంచుకున్నాం

మొన్న ఆదివారం అశోక్ నగర్‌లో నాన్న దగ్గరికి వెళ్తే వీధి మొదట్లోనే కారు ఆపేయాల్సొచ్చింది, ఒక పక్క వాటర్ ట్యాంకర్, ఇంకో పక్క ఎవరిదో స్లాబ్ పడుతోందని రెడీమిక్స్ లారీ, మధ్యలో టిఫిన్ బండి చుట్టూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ గ్రూప్ వన్ కుర్రాళ్లు. ఇదే రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి మేం షటిల్ ఆడేవాళ్లం. అప్పుడూ 30 అడుగులే, ఇప్పుడూ 30 అడుగులే.

హైదరాబాద్ పెరుగుతోంది అనగానే జనం కోకాపేట, నార్సింగి అంటారు, డ్రోన్ వీడియోలు పెడతారు. ఊరి నడిమధ్యలో హిమాయత్‌నగర్, దోమలగూడ, చిక్కడపల్లి, నారాయణగూడలో జరిగేది ఎవరి వీడియోలోకీ రాదు, ఎందుకంటే ఇక్కడ టవర్లు లేవవు, ఒక్కో ఇల్లు పడిపోయి ఒక్కో అపార్ట్‌మెంట్ లేస్తుంది, ఆర్నెల్లకోసారి వచ్చే చుట్టాలకి తప్ప తేడా కూడా తెలీదు. మా ఇల్లు కూడా అలా పడిపోయిన వాటిల్లో ఒకటి, పడగొట్టమని సంతకం పెట్టిన చేతుల్లో మా నాన్న చెయ్యి ఒకటి, అందుకే ఇది బిల్డర్లని తిట్టే పోస్ట్ కాదు. కొంచెం తిడతాను, అది వేరే విషయం.

తాతయ్య 1956లో రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు సెక్రటేరియట్ ఫైళ్లతో పాటు వచ్చేసిన గుమాస్తా. చాలా ఏళ్లు అద్దెకుండి, తర్వాత 420 గజాలు కొని కింద మూడు గదులు కట్టాడు, పెద్దనాన్న పెళ్లికి పైన రెండు గదులు లేచాయి. హాల్లో షాబాద్ బండలు, ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద నీళ్లు చల్లి చాప కూడా లేకుండా పడుకునేవాళ్లం. వెనక బావి, దాని పక్కన జామచెట్టు. 2000 ఆగస్టు వానలకి హుస్సేన్ సాగర్ నాలా పొంగి నీళ్లు లోపలికొచ్చినప్పుడు మంచాలన్నీ పైకి మోశాం, ఆ నీటి గీత హాలు గోడ మీద చాలా ఏళ్లు ఉండిపోయింది, ఎన్ని సున్నాలు కొట్టినా మళ్లీ పైకి తేలేది.

నాయనమ్మ పోయిన ఏడాదికి మాటలు మొదలయ్యాయి. తాతయ్య వీలునామా రాయలేదు, కాబట్టి నలుగురు పిల్లలకీ సమానం. పెద్దనాన్న రిటైరై అక్కడే ఉంటున్నారు, బాబాయ్ డల్లాస్‌లో, అత్తయ్య ఈసీఐఎల్ వైపు. ఇంటిని నాలుగు ముక్కలు ఎలా చేస్తారు చెప్పండి? వంటిల్లు ఒకరికి, బావి ఒకరికా? ఒకరు ఉంచుకుని మిగతా ముగ్గురికీ డబ్బివ్వాలంటే అక్కడి గజం రేటుకి మా వాళ్లెవరి వల్లా కాదు. మొత్తం అమ్మేద్దామంటే పెద్దనాన్న ఒప్పుకోరు, ఎక్కడికి వెళ్తారు పాపం. ఏడాదిన్నర పాటు ఏ ఫంక్షన్‌లో కలిసినా ఇదే గొడవ, ఒక దశలో అత్తయ్యా పెద్దనాన్నా మాట్లాడుకోవడం కూడా మానేశారు. అప్పుడొచ్చాడు బ్రోకర్, ‘డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయండి సార్, ఫిఫ్టీ ఫిఫ్టీ, స్టిల్ట్ ప్లస్ ఫోర్, ఎనిమిది ఫ్లాట్లు, మీకు నాలుగు’ అని. అంటే స్థలం మాది, కట్టే ఖర్చు బిల్డర్‌ది, ఫ్లాట్లు చెరి సగం; స్టిల్ట్ అంటే కింద పార్కింగ్‌కి వదిలే ఖాళీ. నలుగురికి నాలుగు. ఆ మాటతో ఇంట్లో గొడవ ఆగిపోయింది, సినిమాలో లాగా. నాకైతే సిటీ నడిబొడ్డున ఇన్ని ఇళ్లు పడిపోవడానికి డబ్బాశ కన్నా ఇదే పెద్ద కారణం అనిపిస్తుంది. ఇల్లు పంచుకోవడం కుదరదు, ఫ్లాట్లయితే కుదురుతుంది. తాతలు కట్టిన ఇళ్లకి మనవళ్లు పెద్దయ్యే టైమ్ వచ్చింది, మా వీధిలో పడిన ఆరేడు ఇళ్లలో నాలుగు ఇలా అన్నదమ్ముల లెక్క తేలక పడినవే.

రూల్స్ కూడా దానికి తగ్గట్టే ఉన్నాయి లెండి. బొంబాయిలో ఎఫ్‌ఎస్‌ఐ అని స్థలానికి ఇంత అని కట్టడానికి లెక్క ఉంటుంది, మన దగ్గర 2006లో జీవో 86తో ఆ లెక్క తీసేశారు, 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారి. రోడ్డు వెడల్పు, ప్లాట్ సైజు చూసి ఎంత ఎత్తు, చుట్టూ ఎంత ఖాళీ (సెట్‌బ్యాక్) వదలాలి అన్నదే చూస్తారు. స్టిల్ట్‌ని ఆ ఎత్తులో కలపరు. దాంతో మా 420 గజాల్లో కింద పార్కింగ్ వదిలి నాలుగు ఫ్లోర్లు, ఫ్లోర్‌కి రెండు. బిల్డర్ల మీద కన్నేసి ఉంచే రెరా చట్టం ఉంది కదా అనుకుంటారేమో, 500 చదరపు మీటర్ల లోపు స్థలమైనా, ఎనిమిది ఫ్లాట్లు దాటకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. మా ఏరియాలో 300, 400 గజాల ఇళ్లే ఎక్కువ, అంటే ఇక్కడ లేచే బిల్డింగుల్లో చాలా వరకు రెరా గడప తొక్కనే తొక్కవు. ఎనిమిది ఫ్లాట్లనే అంకె ఎందుకంత పాపులరో నాకు అప్పుడర్థమైంది.

అగ్రిమెంట్ డ్రాఫ్ట్ నాన్న చదివారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, పెన్సిల్ పట్టుకుని లైన్ లైన్ చదివితే 11వ పేజీలో దొరికింది. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టే ఏరియాలో 10 శాతం జీహెచ్‌ఎంసీకి మార్ట్‌గేజ్ పెట్టాలి, ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే అది విడిపిస్తారు. ఎనిమిది ఫ్లాట్లకి అది దాదాపు ఒక ఫ్లాట్. మా డ్రాఫ్ట్‌లో ఆ ఫ్లాట్ 102, అంటే మా వాటాలోది! బిల్డర్ ఏదో డీవియేషన్ చేసి ఓసీ రాకపోతే ఇరుక్కునేది మేము, తన నాలుగూ తను హాయిగా అమ్మేసుకుంటాడు. అడిగితే ‘టైపింగ్ మిస్టేక్ సార్’ అన్నాడు. మార్పించాం. కట్టేదాకా మేం బయట ఉండే ఇళ్ల అద్దె విషయం మాత్రం మార్పించలేకపోయాం, 18 నెలలు, పైన ఆరు నెలల గ్రేస్, అంతవరకే అద్దె ఇస్తానన్నాడు, మేం సరే అన్నాం. బాబాయ్ తన తరఫున సంతకం పెట్టే అధికారమిస్తూ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి జీపీఏ పంపాడు, 2019 చివర్లో రిజిస్ట్రేషన్ అయింది.

ఇల్లు కొట్టింది 2020 జనవరిలో. నేను వెళ్లకూడదనుకున్నా, వెళ్లాను. ముందు రోజే తలుపులు, కిటికీలు ఊడబీకేశారు, ఇల్లు కొట్టేవాడికి ఆ టేకు కలపా ఇనుమూ వాడివే, అందుకు బిల్డర్‌కి వాడే ఎదురు డబ్బులిస్తాడట, అది నాకు అప్పటిదాకా తెలీదు. గుమ్మం మీద నాయనమ్మ రాసిన పసుపు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది, దాన్ని అలాగే ట్రాలీ ఆటోలో అడ్డంగా పడేసి తీసుకెళ్లిపోయారు. గోడ కొడుతుంటే సున్నం పొర ఊడి 2000 నాటి నీటి గీత బయటపడింది. అత్తయ్య ఒక షాబాద్ బండ అడిగి తీసుకుంది, వాళ్లింట్లో దాని మీద ఇప్పుడు వాషింగ్ మెషీన్ ఉంది.

ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ మెట్రో ప్రారంభించారు, చిక్కడపల్లి స్టేషన్ మాకు నడిచివెళ్లేంత దూరం, బ్రోకర్ ఫోన్ చేసి మరీ ‘చూశారా సార్ రేటు’ అన్నాడు. మార్చిలో లాక్‌డౌన్. పునాది గుంతలు తీసి వదిలేసి లేబర్ ఊళ్లకి వెళ్లిపోయారు. మళ్లీ మొదలుపెట్టారో లేదో అక్టోబర్‌లో ఆ పెద్ద వానలు, గుంతలన్నీ చెరువులైపోయి ఎదురింటాయన చేపలు వదలమని జోకులు. 18 నెలలన్నది 34 నెలలైంది. గ్రేస్ అయిపోయిన నెల నుంచే బిల్డర్ అద్దె ఆపేశాడు, చివరి పది నెలలూ నాన్న పెన్షన్‌లోంచే నల్లకుంటలో అద్దె కట్టుకున్నారు. అడిగితే కరోనా అనేవాడు. కరోనా మాకు రాలేదా మరి.

ఏ ఫ్లాట్ ఎవరికన్నది నాయనమ్మ ఇత్తడి సోలలో చీటీలు వేసి తేల్చారు. నాన్నకి 202 వచ్చింది. పేపర్ మీద 1,250 చదరపు అడుగులు, నేను టేప్ పెట్టి కొలిస్తే లోపల 900కి అటూఇటూగా ఉంది, మిగతాది మెట్లు, లిఫ్టు, కారిడార్ అట. స్థలంలో ఆ ఫ్లాట్‌కి వచ్చే వాటా, యూడీఎస్ అంటారు, 52న్నర గజాలు.

అలాగని అంతా ఏడుపే కాదు. లిఫ్ట్ ఉంది, అమ్మ మోకాళ్లకి అది వరమే. నీళ్లొచ్చినా స్టిల్ట్‌లోకే వస్తాయి, మంచాలు మోసే పనిలేదు. మెట్రో ఎక్కితే డ్రైవర్ అవసరం లేకుండా నాన్న ఎక్కడికైనా వెళ్లొస్తారు. ఇంత మంచి సెంటర్లో ఎక్కువమంది ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటా, కోకాపేట నుంచి రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చునే దాన్ని కాబట్టి ఇంకా గట్టిగా ఒప్పుకుంటా.

కానీ వచ్చినవాళ్లెవరు? బాబాయ్ తన ఫ్లాట్ అమ్మేశాడు, కొన్నవాళ్లు తాళం వేసి పెట్టారు. బిల్డర్ వాటాలో ఒకటి హాస్టల్ అయింది, ఇంకో హాస్టల్ మా అత్తయ్య ఫ్లాట్‌లోనే, అవును మా అత్తయ్యే, ఫ్యామిలీకిస్తే వచ్చే అద్దె కన్నా బాగా ఎక్కువని హాస్టల్ వాళ్లకిచ్చింది. రెండు ఫ్లాట్లలో తలా 12 మంచాలు. పొద్దున్నే అయిదింటికి మెట్ల మీద కూర్చుని ఒకబ్బాయి రాజ్యాంగం ఆర్టికల్స్ బట్టీ పడుతుంటాడు, నాన్నకి 32 దాకా వచ్చేసింది. పిల్లలు మంచివాళ్లే, నోటిఫికేషన్ వాయిదా పడ్డ రోజు బిల్డింగ్ మొత్తం సైలెంట్‌గా ఉంటుంది. పాత ఇంట్లో కిక్కిరిసి ఉన్నప్పుడు కూడా మేం పదకొండు మందిమి, ఇప్పుడు అదే స్థలంలో నలభై మంది పైనే. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, బోరు ఫిబ్రవరికే చేతులెత్తేస్తుంది, అందుకే ఆ ట్యాంకర్. వీధి కింద డ్రైనేజీ పైపు మాత్రం తాతయ్య కాలం నాటిదే, నెలకోసారి మ్యాన్‌హోల్ పొంగితే మూత తీసి కర్రతో పొడుస్తారు. ప్లాట్ పట్టుకుని పర్మిషన్ ఇస్తారు కానీ వీధి మొత్తానికి ఎన్ని ఫ్లాట్లయ్యాయో కలిపి చూసేవాళ్లెవరూ నాకు కనబడలేదు. 2023 ఆగస్టులో ఇందిరా పార్క్ నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచారు, బాగుంది, పైన వెళ్లేవాళ్లు వేగంగా వెళ్లిపోతున్నారు. మా వీధిలో ఉండేవాళ్లకి ఆ ట్యాంకర్ కదిలితే చాలు.

ఆదివారం నేను పైకి వెళ్లేసరికి ఎదురింటి మాస్టారు కూర్చుని ఉన్నారు, ఆ చేపల జోకులాయనే. వీధిలో మిగిలిన విడి ఇళ్లలో వాళ్లదొకటి, ముందు మల్లె పందిరితో. ముగ్గురు కొడుకులట, మాటలు నడుస్తున్నాయట, ఎవరో డ్రాఫ్ట్ ఇచ్చి వెళ్లారట. అమ్మ కాఫీ పెట్టింది. నాన్న కళ్లజోడు సర్దుకుని, పెన్సిల్ వెతుక్కుని, పేజీలు తిప్పడం మొదలెట్టారు. ‘మిగతాది తర్వాత మాస్టారూ, ముందు మార్ట్‌గేజ్‌కి ఎవరి ఫ్లాట్ రాశాడో చూద్దాం.’