మడత విప్పని పేపరు

ఈ ఉదయం కాఫీ గ్లాసు చేతికిస్తూ మా ఆవిడ, “ఏమండీ, మూడు రోజులుగా మీరు పేపరు మడత విప్పలేదు” అన్నది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఏడాదిన్నర క్రితం డాక్టరుగారి ఎదుట కూర్చుని మేమిద్దరం రాసుకున్న ముందస్తు హెచ్చరికల కాగితంలో మొదటి వరుస అదే. రెండవది గడ్డం గీసుకోకపోవడం, మూడవది చెల్లెలు ఫోను చేస్తే మోగనిచ్చి వదిలేయడం. నా డిప్రెషన్ ప్రతిసారీ ఇలాంటి చిన్న చిన్న ఎగవేతలతోనే మొదలయింది, వాటిని నాకంటే ముందు ఆమే పసిగట్టింది. మొదట్లో ఆ కాపలా చిరాకు పుట్టించేది. ఇప్పుడూ కాస్త పుట్టిస్తుంది, దాచడమెందుకు.

గోదావరి గట్టు మీద పుష్కర ఘాట్ నుంచి కోటిలింగాల రేవు దాకా నడవడం నా నియమం. ఈ రోజు సగం దారిలోనే వెనుదిరిగాను. అయినా పుస్తకంలో “నడిచాను” అనే రాసుకున్నాను.

టిఫిను తరువాత డిప్రెషన్ మాత్ర, ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు. 2019లో బాగానే ఉన్నాను కదా అని ఎవరికీ చెప్పకుండా దీన్ని ఒక్కసారిగా మానివేశాను. మూడో రోజుకల్లా తల తిప్పితే చాలు కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమనేది, పిల్లల మీద ఊరికే అరిచేవాణ్ణి. ఆ బాధ రెండు మూడు వారాల్లో సర్దుకున్నది గాని, నాలుగు నెలలు తిరగకుండా అసలు జబ్బే మళ్లీ వచ్చి నన్ను నలభై రోజులు మంచానికి కట్టేసింది. ఆ తరువాత ఇంకొకసారి కూడా రావడంతో, పూర్తిగా కోలుకున్నాక సైతం కనీసం రెండేళ్లు మందు వాడాలనీ, మానదలచినప్పుడు తన పర్యవేక్షణలో మోతాదును మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలనీ డాక్టరుగారు ఖచ్చితంగా చెప్పారు. మధ్యాహ్నం ఫోను చేసిన మా బావమరిది, “ఇంకా ఆ మాత్రలు మానలేదా బావా?” అన్నాడు. వాడు పదేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. ఆ సంగతి నేను ఎత్తలేదు.

డిప్రెషన్ ఎంత ఉందో చూసుకోవడానికి నెలాఖరున నింపే ప్రశ్నావళిని ఈ సాయంత్రమే బయటికి తీశాను. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కొక్క దానికి 0 నుంచి 3 వరకు మార్కులు, అన్నీ కలిపితే ఎక్కువలో ఎక్కువ 27. జబ్బు ముదిరిన రోజుల్లో నాకు 21 వచ్చింది, పోయిన నెల 3, ఈ రోజు 7. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా. అక్కడ ఇంకే అంకె పడినా ఆ రోజే మా ఆవిడకు చెప్పాలన్నది మా ఒప్పందం. వంటింటి క్యాలెండరు మీద గ్యాసు బుకింగు నంబరు కిందనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 కూడా రాసి ఉంచింది, అర్ధరాత్రయినా పలుకుతారని.

ఈ ఏడు మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయో కొంత తెలుసు. ఆఫీసులో ఆడిట్ జరుగుతున్నందువల్ల వారం రోజులుగా ఒంటిగంట దాటితే గాని పడుకోవడం లేదు. ఇది ఒట్టి అలసటే కావచ్చు. అయితే అలసటా, జబ్బు మొదలూ లోపలి నుంచి చూస్తే ఒకే రంగులో ఉంటాయి. ఏది ఏదో నేనే తేల్చుకోవాలని కూర్చుని గతంలో రెండుసార్లు నష్టపోయాను. అందుకే వచ్చే నెలకున్న అపాయింట్‌మెంటును ఈ గురువారానికి మార్పించుకున్నాను. ఫోను చేయడానికి అరగంట తటపటాయించాను, మాట్లాడింది రెండు నిమిషాలు.

రాత్రి భోజనమయ్యాక మూడు పేపర్లూ ముందు పెట్టుకుని పాతదాని నుంచి మొదలుపెట్టబోతే, “పాత వార్తలు ఇప్పుడెందుకండీ” అని ఆమె ఈనాటిది చేతికిచ్చింది. వార్తలు పైపైన చూసి పదకేళి పట్టుకున్నాను. నిలువు ఆధారాల్లో రెండు ఇంకా తేలలేదు. పది కావస్తున్నది, లైటు తీసేయాలి.