అమ్మ పేరు చివర చేరిన ‘దేవి’

మా బాపు సైన్యం నుంచి తెచ్చుకున్న వస్తువుల్లో ఇప్పటికీ ఇంట్లో మిగిలినవి రెండే. ఒకటి నల్లరంగు వేసిన ఇనుప ట్రంకు పెట్టె, రెండవది ఆ పెట్టె అడుగున పాలిథిన్ కవరులో చుట్టి దాచిన డిశ్చార్జ్ బుక్కు, అంటే సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు సర్వీసు, కుటుంబ వివరాలు నింపి ఇచ్చే పుస్తకం. పెట్టె మూత మీద తెల్లరంగుతో ఆయన సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటాయి. చిన్నప్పుడు మేము ఆ పెట్టె మీద కూర్చుంటే కోప్పడేవారు. డిశ్చార్జ్ బుక్కును మాత్రం మాకు ఎన్నడూ చూపించలేదు. 1969లో చేరి, పదిహేడేళ్ళు పనిచేసి, 1986లో నాయక్‌గా ఇంటికి వచ్చిన మనిషి, ఆ పుస్తకంలో ఏమి రాసి ఉందో తానే సరిగా చదువుకోలేదని నాకు తెలిసింది 2023లో.

ఆ సంవత్సరం ఆయన పింఛను బ్యాంకు నుంచి స్పర్శ్‌కు మారింది. సైనిక పింఛన్లన్నిటినీ ప్రయాగ్‌రాజ్‌లోని ప్రధాన పింఛను కార్యాలయమే నేరుగా చెల్లించేలా రక్షణ శాఖ ఏర్పాటు చేసిన ఆన్‌లైన్ వ్యవస్థ అది. మారినవారు తమ వివరాలను అందులో ఒకసారి సరిచూసుకోవాలి. హనుమకొండలో మా ఇంట్లో కంప్యూటరు ముందు ఆయనను కూర్చోబెట్టుకొని నేను ఒక్కొక్క గడి చదువుతూ పోయాను. భార్య పేరు దగ్గర ఆగిపోయాను. మా అమ్మ పేరు మా వైపు ఆడవాళ్ళ పేర్లలాగే ‘అవ్వ’తో ముగుస్తుంది. తెర మీద ఆ ‘అవ్వ’ లేదు, దాని చోట ‘దేవి’ ఉంది. ఇంటిపేరు ముందు ఉండవలసింది చివరకు పోయింది. పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంది. అమ్మ ఆధార్ కార్డులో, ఓటరు కార్డులో, పొలం పట్టాదారు పాసుపుస్తకంలో ఉన్న పేరు ఒకటి, భారత సైన్యం లెక్కలో బాపు భార్య పేరు మరొకటి.

అప్పుడు ట్రంకు పెట్టె తెరిచాము. డిశ్చార్జ్ బుక్కులో కుటుంబ వివరాల పేజీలో నీలి సిరాతో, గుండ్రని అక్షరాలతో అదే ‘దేవి’ కనిపించింది. అన్నయ్య పేరు, పుట్టిన తేదీ సరిగానే ఉన్నాయి. నా గడిలో మాత్రం ‘బేబీ’ అని ఉంది. నేను పుట్టినప్పుడు బాపు సెలవు దొరకక ఎక్కడో పంజాబ్‌లో ఉన్నారు. కూతురు పుట్టిందని ఇంటి నుంచి ఉత్తరం వెళ్ళింది గాని, ఇంకా పేరు పెట్టలేదు కనుక పేరు వెళ్ళలేదు. గుమాస్తా అలాగే నమోదు చేశాడు. ఉన్నత పాఠశాలలో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను సైన్యం దృష్టిలో ఇప్పటికీ బేబీనే. దాన్ని అలాగే వదిలేశాను, దానివల్ల ఎవరి పింఛనూ ఆగదు.

అమ్మ పేరు సంగతి అలా కాదు. పింఛనుదారు బతికి ఉన్నంతకాలం ఈ తప్పు ఎవరికీ అడ్డుపడదు. నెలనెలా డబ్బు వస్తూనే ఉంటుంది, నవంబరులో జీవన ధృవీకరణ పత్రం ఇస్తే చాలు. ఆయన పోయిన మరుసటి నెల, కుటుంబ పింఛను కోసం ఆమె ఆధార్ పట్టుకొని వెళ్ళినప్పుడు, ఆ పేరుగల మనిషి ఆమె కాదని కాగితం చెబుతుంది. కుటుంబ పింఛను మామూలుగా ఆఖరి జీతంలో 30 శాతం, ఏడో వేతన సంఘం తర్వాత కనీసం 9,000 రూపాయలు. డబ్బు ఎంతన్నది అలా ఉంచితే, భర్త పోయిన దుఃఖంలో ఉన్న డెబ్బయ్యేళ్ళ మనిషి తాను తానేనని రుజువు చేసుకుంటూ తిరగవలసి రావడం ఎంత హీనమో, మా వీధిలోనే ఒక సైనికుడి భార్య రెండేళ్ళు తిరగగా చూశాను. ఖాళీగా ఉన్న పుట్టిన తేదీ కూడా చిన్న విషయం కాదు. ఎనభై ఏళ్ళు నిండితే పింఛను మీద 20 శాతం, ఎనభై అయిదుకు 30 శాతం, అలా పెరుగుతూ నూరేళ్ళకు నూరు శాతం అదనంగా ఇస్తారు, కుటుంబ పింఛనుకు కూడా అది వర్తిస్తుంది. తేదీ నమోదు కాకపోతే ఆమెకు ఎనభై నిండిన సంగతి ఆ వ్యవస్థకు ఎలా తెలుస్తుంది?

తెలిసినవాళ్ళందరూ ఒకే సలహా ఇచ్చారు: ‘సైన్యం కాగితం మార్చడం మన వల్ల కాదు, ఆధార్‌లోనే దేవి అని మార్పించండి, పది రోజుల్లో అయిపోతుంది.’ వినడానికి తేలికగానే ఉంది. నేను కూడా రెండు రోజులు ఆలోచించాను. అయితే ఆధార్ మారిన మరుక్షణం పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా, ఓటరు కార్డు, రేషను కార్డు అన్నీ దానితో సరిపోకుండా పోతాయి. ఒక తప్పును సరిచేయడానికి నాలుగు ఒప్పులను తప్పులుగా మార్చడం అది. అమ్మకు ఈ లెక్కలేమీ చెప్పవలసిన అవసరం రాలేదు. “తప్పు రాసింది వాళ్ళైతే నా పేరు నేనెందుకు మార్చుకోవాలె బిడ్డా?” అన్నది. విషయం అక్కడితో తేలిపోయింది.

ఇక దిద్దవలసింది ఎక్కడ అన్నది తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ మీకు మిగలాలనే ఈ భాగం వివరంగా రాస్తున్నాను. బ్యాంకు దిద్దలేదు. ప్రయాగ్‌రాజ్ కార్యాలయం తనంతట తాను దిద్దదు. హనుమకొండలోని సైనిక సంక్షేమ కార్యాలయం కాగితాలు చూసి, సిఫారసు లేఖ రాసి, దారి చూపుతుంది గాని దిద్దే అధికారం దానికీ లేదు. సైనికుడి జీవితమంతా నమోదై ఉండేది అతని రెజిమెంటు లేదా కోర్‌కు చెందిన రికార్డ్ ఆఫీసులో. ఆర్టిలరీ వారికి నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంటు వారికి వెల్లింగ్టన్, సిగ్నల్స్ వారికి జబల్‌పూర్, యంత్రాల మరమ్మతులు చూసే ఇఎంఇ కోర్ వారికి మన సికింద్రాబాద్. నౌకాదళానికి, వాయుసేనకు వేరుగా ఉన్నాయి. పేరు దిద్దుబాటును ఆ రికార్డ్ ఆఫీసు ‘పార్ట్ టూ ఆర్డర్’గా, అంటే పెళ్ళి, పిల్లలు వంటి సొంత వివరాలను రికార్డుకు ఎక్కించే ఉత్తర్వుగా, ప్రకటించాలి. దాని ఆధారంగా ప్రయాగ్‌రాజ్ వారు సవరించిన పింఛను ఉత్తర్వు ఇస్తారు, వాడుకలో దానిని కొరిజెండం పీపీఓ అంటారు. అది వచ్చాక స్పర్శ్‌లో పేరు మారుతుంది. ఈ వరుసను తలకిందులు చేసి, ముందు స్పర్శ్‌లో ఫిర్యాదు పెట్టి నేను పోగొట్టుకున్న కాలమే ఆ మూడు నెలలు.

మా బాపు స్నేహితుడొకాయన, హవల్దార్ క్లర్కుగా పదవీ విరమణ చేసిన పెద్దమనిషి, నాకు చెప్పిన ఒక్క మాట మొత్తం పనికి తాళంచెవి అయింది. డిశ్చార్జ్ బుక్కు మూలం కాదు బిడ్డా, అది నకలు మాత్రమే, మూలం షీట్ రోల్, అందులో ఏముందో ముందు తెప్పించుకో అన్నారు ఆయన. మనిషి సైన్యంలో చేరిన రోజు నుంచి పెళ్ళి, పిల్లలు, బదిలీలు, పతకాలు అన్నీ వరుసగా ఎక్కే పత్రం అది. బాపు చేత సమాచార హక్కు చట్టం కింద, పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, షీట్ రోల్ నకలు, పెళ్ళి నమోదు చేసిన పార్ట్ టూ ఆర్డర్ నకలు ఇవ్వమని దరఖాస్తు పెట్టించాను. పింఛను లేకుండా బయటికి వచ్చినవారి పత్రాలను 25 ఏళ్ళ తర్వాత నాశనం చేస్తారు. బాపుకు పింఛను ఉంది కనుక ఆయన పత్రాలు భద్రంగా ఉన్నాయి. నకళ్ళు వచ్చిన రోజు ఒకింత నవ్వు, ఒకింత కోపం కూడా వచ్చాయి. 1974లో పెళ్ళి నమోదు చేసినప్పుడు అమ్మ పేరు, అక్షరం పొల్లుపోకుండా, ‘అవ్వ’తో సహా సరిగానే రాశారు. 1986లో డిశ్చార్జ్ బుక్కు నింపిన గుమాస్తా చేతిలో, ఎత్తి రాసేటప్పుడు, ఆమె ‘దేవి’ అయింది. అతనిది ఏ ఊరో నాకు తెలియదు గాని, తన చుట్టూ ఉన్న ఆడవాళ్ళ పేర్లు ఎలా ముగుస్తాయో అలాగే ముగించాడు. దురుద్దేశం ఉందనుకోను. ముప్పై ఏడేళ్ళ పాటు ఎవరూ చదవని పేజీలో ఒక చేతి అలవాటు అలా నిలిచిపోయింది.

ఆ నకలు చేతిలోకి రావడంతో మా వాదన తేలికైంది. అది పేరు మార్పు కాదు, రాతలో జరిగిన తప్పు. ఈ తేడా మాటల్లో కూడా కచ్చితంగా ఉండాలని నేను ఖర్చు పెట్టుకొని నేర్చుకున్నాను. అదాలత్ దగ్గర టైపు చేయించిన మొదటి అఫిడవిట్‌లో, అక్కడ అలవాటుగా వాడే నమూనా ప్రకారం, ‘పాత పేరు ఇది, ఇకపై నా పేరు ఇది’ అని రాశారు. దాన్ని పంపితే రెండు నెలల తర్వాత కాగితాలన్నీ తిరిగి వచ్చాయి, పేరు మార్చుకున్నట్టయితే గెజిట్ ప్రకటన జతచేయమని. అమ్మ పేరు మార్చుకోనేలేదు. రెండోసారి నేనే కూర్చొని రాశాను: రికార్డులో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు రెండూ ఒకే వ్యక్తివి, ఫలానా సర్వీసు నంబరు గల మాజీ సైనికుడి చట్టబద్ధమైన భార్య ఈమెనే, సరైన పేరు ఇది అని. తప్పు పేరును కూడా రికార్డులో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం తేడా లేకుండా ఎత్తి రాయాలి. మనకు తెలియకుండానే దానిని కాస్త సరిచేసి రాసేస్తాము, నేను కూడా ఒకసారి రాశాను, టైపిస్టు పట్టుకున్నాడు. బాపు ఒకటి, అమ్మ ఒకటి విడివిడిగా అఫిడవిట్లు ఇచ్చారు. ఒక ఇంగ్లీషు పత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన వేయించాము. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, ఆధార్ నకళ్ళు, షీట్ రోల్ నకలు, సైనిక సంక్షేమ కార్యాలయం లేఖ, అన్నిటికీ ముందు బాపు స్వయంగా సంతకం చేసిన దరఖాస్తు. ఆ సంతకమే అన్నిటికన్నా బలమైనది. భార్య ఎవరో చెప్పవలసిన మనిషి బతికి ఉండి చెబుతున్నప్పుడు సరిపోయే కాగితాలు, ఆయన లేనప్పుడు రెట్టింపైనా సరిపోవు.

ఊరి చిరునామాను మాత్రం ఆ దరఖాస్తులో కలపలేదు. డిశ్చార్జ్ బుక్కులో మా ఊరు పరకాల తాలూకా, వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంది. 1985లోనే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు మా ఊరు భూపాలపల్లి జిల్లాలోకి వెళ్ళింది. ఆ చిరునామాలో ఊరి పేరు తప్ప మరేదీ ఇప్పుడు మా ఊరికి వర్తించదు. అయినా అది తప్పు కాదు, ఆనాటికి గుమాస్తా దగ్గరున్న 1969 నాటి కాగితం ప్రకారం ఒప్పే. కాలం మార్చిన సంగతులను మనిషి చేసిన తప్పులతో కలిపి ఒకే అర్జీలో పెడితే చదివేవాడికి ఏది ముఖ్యమో తెలియకుండా పోతుంది.

బాపు పుట్టిన తేదీ జోలికి కూడా పోలేదు. రికార్డులో 1950 జూలై 1 అని ఉంది. రజాకార్ల లొల్లి జరిగిన యేడు, ఊరంతా కాలి అడవిలో తలదాచుకున్నప్పుడు పుట్టాడని మా నాయనమ్మ చెప్పేది, అంటే 1948. జూలై 1 అన్నది పుట్టిన రోజు తెలియని పిల్లలందరికీ ఆ రోజుల్లో బడి పంతుళ్ళు పంచిపెట్టిన తేదీ. సైన్యంలో చేరిన రోజున నమోదైన తేదీని ఇన్నేళ్ళ తర్వాత మార్చరు, మార్చమని అడగడం వల్ల మిగతా దరఖాస్తు మీద కూడా అనుమానం వస్తుంది. ఎనభై ఏళ్ళ అదనపు పింఛను ఆయనకు రెండేళ్ళు ఆలస్యంగా వస్తుంది. “ఆ లెక్కన రెండేండ్లు చిన్నోన్నే గదా” అని ఆయన ఊరుకున్నారు.

రెండోసారి పంపిన కాగితాలకు ఏడు నెలల తర్వాత పార్ట్ టూ ఆర్డర్ నకలు వచ్చింది, ఆపైన మరి నాలుగు నెలలకు కొరిజెండం పీపీఓ. స్పర్శ్ తెరిచి చూస్తే అమ్మ పేరు ‘అవ్వ’తో, పుట్టిన సంవత్సరం 1956తో కనిపించింది. డిశ్చార్జ్ బుక్కులోని ఆ పేజీ మాత్రం నీలి సిరాతో అలాగే ఉంది. బాపు ఆర్డరు నకలును నాలుగు మడతలు పెట్టి ఆ పేజీకి గుండుసూదితో గుచ్చారు, పాలిథిన్ కవరులో చుట్టి మళ్ళీ పెట్టె అడుగున పెట్టారు. అమ్మ పక్కన నిలబడి చూస్తూ, “ఆ దేవెవరో, ఇగ పోయినట్టేనా?” అని అడిగింది.