గోడకు అవతల గిర్ని

మహబూబ్‌నగర్‌లో పదకొండేళ్లు కిరాయి ఇళ్లలో ఉండి, 2022 చివర్లో ఏనుగొండ వైపు సొంత ఇల్లు కొన్నాము. కిరాయి ఇళ్లలోనూ పొరుగువారితో ఏదో ఒక ఇబ్బంది పడ్డాము, సొంత ఇంట్లోనూ పడుతున్నాము. ఇబ్బంది ఒకటే అయినా రెండు చోట్లా దాని ఖరీదు ఒకటి కాదని ఈ మూడేళ్లలో తెలిసివచ్చింది. కిరాయా, సొంతమా అని ఆలోచించేటప్పుడు నెల వాయిదా ఎంత, కిరాయి ఎంత, పదేళ్లకు జాగా ధర ఎంత పెరుగుతుంది అన్న లెక్కలు అందరూ వేస్తారు. పక్కింటి లెక్క మాత్రం ఎవరూ వేయరు. నేనూ వేయలేదు.

న్యూటౌన్‌లో మేము ఉన్న ఒక కిరాయి ఇంటి పక్కన టెంట్ హౌస్ ఉండేది. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి ఒంటిగంటకు, రెండింటికి ట్రాలీ ఆటో వచ్చి ఆగేది. షామియానా పైపులు, పెద్ద పెద్ద వంట గంజులు, ఇనుప కుర్చీలు ఒక్కొక్కటిగా సిమెంటు నేల మీదికి విసిరేవారు. ఆ ఏడాది మా పెద్దవాడు పదో తరగతి. నేను వెళ్లి అడిగితే ఆ ఇంటి పెద్దమనిషి కోపంగా ఏమీ అనలేదు. "మీరు కిరాయికి ఉండేటోళ్లు సార్, ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. మేం మా నాయిన కాలం నుంచి ఈడనే ఉన్నం" అన్నాడు, అంతే. మా ఓనరుకు చెబితే, తాను వాళ్లతో పంచాయతీ పెట్టుకోలేనన్నాడు. ఆ నెలాఖరుకే ఓనరుకు మాట చెప్పి, మరుసటి నెల ఇంకో వీధిలోకి మారిపోయాము. ట్రాలీ రెండు ట్రిప్పులకు మూడు వేలు, అడ్వాన్సులో సున్నం ఖర్చని పట్టుకున్నది నాలుగు వేలు. ఆ ఏడు వేలతో టెంట్ హౌస్ మా జీవితంలో నుంచి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ పెద్దమనిషి ముఖం కూడా నాకు సరిగా గుర్తు లేదు.

కిరాయి బతుకు సుఖమని చెప్పడం నా ఉద్దేశం కాదు. టులెట్ బోర్డు చూసి గేటు తట్టిన ప్రతిసారీ "మీరేందోళ్లు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చింది, నీసు వండుతారా, చుట్టాలు ఎక్కువ వస్తారా, మోటారు ఎన్నిసార్లు వేస్తారు అన్న విచారణ దాటవలసి వచ్చింది. ఏటా కిరాయి పెంచుతారు. కాగితం మీద మాత్రం ఒప్పందం పదకొండు నెలలకే ఉంటుంది. రిజిస్ట్రేషన్ గొడవ తప్పుతుందన్న లెక్కతో అందరూ పదకొండు దగ్గరే ఆగుతారు. ఆ పదకొండు నెలల కాగితాన్ని నేను అప్పట్లో నా నెత్తి మీద కత్తి అనుకున్నాను. అది నా చేతిలోనూ ఉన్నదని, కోసుకుని బయటపడడానికి పనికి వస్తుందని ఇల్లు కొన్న తరువాత గాని అర్థం కాలేదు.

కొనేటప్పుడు మేము చూడనిది లేదు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితం) తీయించాము, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల దస్తావేజులు, వరుసగా పెట్టి చూశాము, పర్మిషన్ ప్లాను, ఇంటి పన్ను రసీదులు, బ్యాంకు వకీలు ఇచ్చిన లీగల్ ఒపీనియన్ అన్నీ ఫైలులో ఉన్నాయి. వాస్తు చూసే ఆయన దిక్సూచి పట్టుకుని వచ్చి, సంపు ఈశాన్యంలో ఉన్నదని తృప్తిపడి, మెట్ల కింద బాత్రూము తీసేయమని చెప్పి వెళ్లాడు. ఆస్తిలోనూ హక్కులోనూ తనకు తెలిసి, కొనేవాడి కంటికి మామూలుగా కనపడని ముఖ్యమైన లోపాలను అమ్మేవాడు చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. అంటే సున్నం కింద దాగిన గోడ పగులు చెప్పాలి, కోర్టు కేసు ఉంటే చెప్పాలి. గోడకు అవతల ఎవరుంటారు, రేపు ఏం పెడతారు అన్నది అతను చెప్పనక్కరలేదు, అతనికీ తెలియదు. మేము మూడుసార్లు వెళ్లి చూశాము. మూడుసార్లూ ఆదివారం పదకొండు గంటల వేళే. పక్కిల్లు తాళం వేసి ఉంది, వాకిట్లో మల్లెతీగ ఉంది. వాళ్లు ముంబైలో ఉంటారని, పండుగకు వచ్చి పోతారని చెప్పారు. తాళం వేసిన ఇల్లు పక్కన ఉంటే ఎంత ప్రశాంతమో అని నేనూ మా ఆవిడా అనుకున్నాము. గృహప్రవేశం నాడు మా అమ్మ బూడిద గుమ్మడికాయ కట్టించి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ ఎర్రనీళ్లు తిప్పి వీధిలో పోసింది. అప్పటికి మాకు పొరుగే లేదు.

ఏడాది తిరగకముందే తాళం తీశారు. పాలమూరు నుంచి పని వెతుక్కుంటూ ముంబై పోయిన వేలమందిలో ఆయన ఒకడు. పద్దెనిమిదేళ్లు అక్కడ పని చేసి, కూడబెట్టిన డబ్బుతో ఇక్కడే స్థిరపడాలని వచ్చాడు. ముందు గదిని మడిగెగా, అంటే దుకాణంగా మార్చి, షట్టరు బిగించి, త్రీ ఫేజ్ కరెంటు తీసుకుని, మా వంటింటి గోడకు మూరెడు దూరంలో పిండి పట్టే గిర్ని దించాడు.

పొద్దున ఆరున్నరకు మోటారు వేయగానే మా స్టాండులో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగడం మొదలవుతుంది. పాలగిన్నె మీద మూత కదులుతుంది. కొన్ని వారాలకే, లోపల ఏం పోశారో చప్పుడును బట్టి చెప్పగలిగే స్థితికి వచ్చాను. బియ్యానికి గొంతు సన్నగా, ఎడతెగకుండా ఉంటుంది. జొన్నలకు కొంచెం బొంగురు. పసుపు కొమ్ములు పోస్తే మొదటి నిమిషం రాళ్లు దంచినట్టే ఉంటుంది. అన్నిటికంటే ఎండాకాలం కష్టం. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజుల్లో వాడ వాడంతా ఎండు మిరపకాయల సంచులతో ఆ మడిగె ముందు వరుస కడుతుంది. ఆ రోజుల్లో దండెం మీద ఆరేసిన తెల్ల బనియన్ల మీద కంటికి కనపడనంత సన్నని ఎర్ర పొడి వాలుతుంది, తొడుక్కుంటే తప్ప తెలియదు. మా అమ్మ మాత్రం మొదటి నెల సంతోషపడింది, జొన్నలు పట్టించుకోవడానికి ఆటో ఎక్కే పని తప్పిందని.

చట్టం ఏమంటుందో చూశాను. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు వరకు. గిర్ని ఆరున్నరకు మొదలై రాత్రి ఎనిమిదింటికి ఆగుతుంది కాబట్టి ఆ లెక్కలో అది పూర్తిగా పగటి వ్యవహారం. ఫోనులో యాప్ పెట్టి చూస్తే వంటింట్లో 70 దాటింది, కానీ నా ఫోను చెప్పిన అంకెను ఏ ఆఫీసూ సాక్ష్యంగా తీసుకోదు. 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, జనం ఆరోగ్యానికో సుఖానికో భంగం కలిగించే వ్యాపారాన్ని ఆపమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. అందులో జనం అన్న మాట ముఖ్యమని, ఒక్క ఇంటి గోడ అదిరితే అది జనం బాధ కాదని, నేను సివిల్ కోర్టుకు పోవలసి ఉంటుందని తెలిసిన వకీలు ఒకరు చెప్పారు. కోర్టు దాకా పోకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకుంటే, కోర్టు ఫీజు లేకుండా లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తారని, అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానమని కూడా ఆయనే చెప్పారు. ఇది చాలామందికి తెలియని మంచి దారి. నేను ఆ దారిలోనూ పోలేదు. కారణం మా ఇంట్లోనే ఉంది.

మాకు అమ్మిన ఆయన, ప్లానులో పక్కకు వదిలిన ఖాళీలో పైకి పోవడానికి మెట్లు కట్టాడు. గిర్ని ఆయన తన వైపు ఖాళీ వదలలేదు సరే, మా వైపూ వదలలేదు. మున్సిపల్ ఆఫీసులో నేను అర్జీ పెడితే, టేపు పట్టుకుని వచ్చినవాళ్లు గోడకు అటు ఒక్కవైపే కొలిచి వెళ్లరు. కిరాయికి ఉన్నప్పుడు నేను ఎవరి మీదనైనా ఫిర్యాదు చేయగలిగేవాణ్ని, ఎందుకంటే పోగొట్టుకోవడానికి నా పేరు మీద ఏమీ ఉండేది కాదు. నా మాటకు విలువ లేకపోవడం, నాకు భయం లేకపోవడం అప్పట్లో జంటగా ఉండేవి. ఇంటి ఓనరు కాగానే రెండూ తిరగబడ్డాయి.

అమ్మేసి పోదామని మా ఆవిడ అన్నది. ఒక రాత్రి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. లోను 25 లక్షలు, వడ్డీ 8.5 శాతం, ఇరవై ఏళ్లు. నెలకు వాయిదా సుమారు 21,700. మొదటి నెల కట్టిన దాంట్లో 17,700 వడ్డీకే పోయింది, అసలుకు నాలుగు వేలు పడింది. మూడేళ్లకు కట్టినది 7.8 లక్షలు అయితే అందులో అసలు తగ్గినది సుమారు 1.63 లక్షలు మాత్రమే. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ ఫీజులు కలిపి 7.5 శాతం, మా ఇంటికి 30 లక్షల విలువ మీద అది 2.25 లక్షలు అయింది. అంటే మూడేళ్లలో నేను బ్యాంకుకు తీర్చిన అసలు కంటే, ఇంటి కాగితం నా పేరు మీదికి మారడానికి పెట్టిన ఖర్చే ఎక్కువ. ఇంకొక ఇల్లు కొంటే ఆ 7.5 శాతం మళ్లీ మొదటి నుంచి. పైగా మా ఇల్లు చూడడానికి వచ్చేవాడు ఆదివారం పదకొండుకే వస్తాడని గ్యారంటీ లేదు. మిరపకాయల సీజన్లో పొద్దున ఏడింటికి వస్తే వాడు తుమ్ముకుంటూ బండెక్కి వెళ్లిపోతాడు. న్యూటౌన్‌లో ఏడు వేలకు తీరిన బాధ ఇక్కడ లక్షలకు కూడా తీరేటట్టు లేదు.

వెళ్లే దారి లేనప్పుడు మాట్లాడే దారి వెతుక్కున్నాను. ఇది గొప్పతనం ఏమీ కాదు, గత్యంతరం లేకపోవడం. కిరాయి ఇళ్లలో పదకొండేళ్లలో ఏ పొరుగువారితోనూ నేను అరగంట కూర్చుని మాట్లాడలేదని అప్పుడే గమనించాను. మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. జొన్నలు పట్టించేటప్పుడే వాళ్లకు ఆమెతో చనువు ఏర్పడింది. మేము లోపలికి పోగానే ఆయన మోటారు ఆపి, స్టూలు తుడిచి, "కూసో పెద్దమ్మా" అన్నాడు. నేను చెప్పవలసింది ఆమే చెప్పింది: "గోడ వణుకుతున్నది బిడ్డా, నా మంచం సుత వణుకుతున్నది." ఆయన నమ్మలేదు. మా ఇంటికి తీసుకువచ్చాము. వాళ్ల ఆవిడ అవతల మోటారు వేసింది, ఆయన మా వంటింట్లో నిలబడి గ్లాసుల మోత విన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత చేయి చాపి, ఒక గ్లాసును ఇంకొకదానికి ఎడంగా జరిపాడు.

ఆ నెలలో గిర్నిని గోడ నుంచి నాలుగు అడుగులు అవతలికి జరిపి, కింద మందమైన రబ్బరు షీట్లు వేయించాడు. షీట్ల ఖర్చులో సగం నేను పెట్టుకున్నాను. కారం పట్టడం పది గంటల తరువాతే అని మాట ఇచ్చాడు. బట్టలు మేము పొద్దున్నే ఉతికి పదికల్లా తీసేస్తాము. మోత పోలేదు, తగ్గింది. మాట కూడా రోజూ నిలబడదు. ఊరి నుంచి వచ్చినవాళ్లు బస్సు పోతుందని బతిమాలితే ఎనిమిదింటికే మిరపకాయలు పోస్తాడు, నేను తుమ్ముతాను, గోడ అవతల నుంచి "ఒక్క సంచే సార్" అని వినపడుతుంది.

నల్లగొండలో ఉండే మా బావమరిది పోయిన నెల పానగల్లు రోడ్డు వైపు ఒక ఇల్లు చూసి, బయానా ఇచ్చే ముందు నా సలహా అడిగాడు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు అతనికి నాకంటే బాగా తెలుసు, వాటి గురించి నేనేమీ చెప్పలేదు. అదే వీధిలో ఏదైనా పోర్షను కిరాయికి తీసుకుని పదకొండు నెలలు ఉండి చూడమన్నాను. ఇరవై ఏళ్ల వాయిదాల ముందు ఎనభై వేల కిరాయి దండగ కాదని, ఆ వీధి పొద్దున ఆరింటికి, రాత్రి పన్నెండింటికి, వినాయక చవితికి, పెళ్లిళ్ల రోజుల్లో ఎట్లా ఉంటుందో ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనూ నకలు దొరకదని చెప్పాను. అతనికి అది అతి అనిపించింది. కనీసం ఒక రాత్రి భోజనం చేసి, ఆ వీధిలో అటూ ఇటూ నడిచి రమ్మన్నాను. శనివారం రాత్రి వెళ్లాడు. పదకొండు గంటలకు నాకు ఫోటో ఒకటి పంపాడు: తాను కొనాలనుకున్న ఇంటికి ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు, అందులో నీలం టార్పాలిన్ కప్పి ఒకదాని మీద ఒకటి పేర్చిన డీజే బాక్సులు. కింద ఏమీ రాయలేదు. లెక్కపెడితే ఎనిమిది ఉన్నాయి.