షేల్ గ్యాస్ బావి మామూలు గ్యాస్ బావి కాదు

కోనసీమలో దశాబ్దాలుగా గ్యాస్ తీస్తూనే ఉన్నారు కదా, ఫ్రాకింగ్ (నీళ్ళ ఒత్తిడితో రాయిని పగలగొట్టి గ్యాస్ తీయడం) అనగానే ఎందుకింత గోల అని అడిగేవాళ్ళు చాలామంది. రెండూ ఒకటి కావు. మామూలు బావి దింపేది ఎక్కువగా ఇసుకరాతి పొరలోకి. ఆ రాతిలో సన్నటి ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కాబట్టి, దారి దొరికితే గ్యాస్ తన ఒత్తిడితోనే పైకి వస్తుంది. షేల్ అనేది బురద గట్టిపడి ఏర్పడిన రాయి, అందులో గ్యాస్ ఉన్నా కదలదు. రాయిని పగలగొట్టాల్సిందే.

అందుకని రెండు మూడు కిలోమీటర్లు నిలువుగా దింపి, అక్కడ డ్రిల్లును వంచి, షేల్ పొర వెంబడి అడ్డంగా ఇంకో కిలోమీటరో రెండో పోనిస్తారు. కేసింగ్ అనే ఉక్కు గొట్టం దించి, దానికీ రాతికీ మధ్య సందులోకి సిమెంటు పంపిస్తారు. అడ్డంగా పోయిన గొట్టానికి చిన్న పేలుళ్ళతో చిల్లులు పెట్టి, నీళ్ళూ ఇసుకా రసాయనాలూ కలిపి విపరీతమైన ఒత్తిడితో తోస్తారు. రాయి నెర్రెలిస్తుంది. ఆ నెర్రెలు మళ్ళీ మూసుకుపోకుండా ఇసుక రేణువులు అడ్డం పడతాయి.

అమెరికాలో ఒక్కో బావికి కోటిన్నర లీటర్ల నీళ్ళు మామూలు లెక్క. రసాయనాలు ఒక శాతం కన్నా తక్కువేనని కంపెనీలు అంటాయి. సరే, అర శాతమే అనుకుందాం. డెబ్బై అయిదు వేల లీటర్లు, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు ఏడున్నర. ఒక్క బావికి!

పోసిన నీళ్ళలో కొంత తిరిగి పైకి వస్తుంది. లోపలి రాతిలోని ఉప్పు, బేరియం, చాలాచోట్ల రేడియోధార్మికమైన రేడియం కూడా దాంతోపాటు వస్తాయి. ఊళ్ళో మురుగునీటి ప్లాంటుకు వీటిని తీసే శక్తి లేదు. అమెరికాలోని ఓక్లహోమాలో ఆయిల్, గ్యాస్ బావుల ఉప్పునీళ్ళను లోతు బోర్లలోకి తోసేశారు. దాని ఫలితంగా 2016 సెప్టెంబరులో అక్కడి పానీ (Pawnee) ఊరి దగ్గర 5.8 తీవ్రతతో భూమి కంపించింది.

సిమెంటు సంగతి ఇంకా ముఖ్యం. పోసేముందు సందులోని డ్రిల్లింగ్ బురదను పూర్తిగా కడగకపోయినా, కేసింగ్ నడిమధ్యన నిలవకపోయినా, సిమెంటులో సన్నటి కాలువ మిగిలిపోతుంది. మీథేన్, అంటే తీస్తున్న ఆ గ్యాసే, దాని గుండా తాగునీటి పొరదాకా ఎగబాకుతుంది. గాలిలోకి పోయినా నష్టమే. ఇరవై ఏళ్ళ లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎనభై రెట్లు వేడి పుట్టిస్తుంది. తీసేచోటా పైపుల్లోనూ కొద్ది శాతం కారినా, బొగ్గు కన్నా గ్యాస్ మేలన్న వాదన వీగిపోతుంది.

ఇంగ్లండులో లాంకషైర్ జనం ఫ్రాకింగ్‌ను ఏళ్ళ తరబడి అడ్డుకున్నారు. 2015లో కౌంటీ కౌన్సిల్ కాదన్న బావికి మరుసటి ఏడు కేంద్ర మంత్రి అనుమతిచ్చాడు. ఆ బావి ఉన్న ప్రెస్టన్ న్యూ రోడ్ సైటులో 2018 అక్టోబరులో ఫ్రాకింగ్ మొదలైంది. భూకంపం 0.5 తీవ్రత దాటితే పంపులు ఆపాలని నిబంధన. మాటిమాటికీ ఆగింది. 2019 ఆగస్టు 26న 2.9 వచ్చింది. నవంబరులో ఇంగ్లండంతటా ఫ్రాకింగ్ ఆపేశారు. ముందస్తు సర్వేకి దొరకని పగుళ్ళు భూమిలో ఉంటాయన్నది అక్కడ తేలిన విషయం.

ఇంత చేసినా షేల్ బావి ఉత్పత్తి తొలి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. ఉన్నచోట నిలవాలన్నా కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి. నా అభ్యంతరాల్లో పెద్దది ఇదే. అమెరికా ఇంధన సంస్థ 2013లో వేసిన షేల్ గ్యాస్ నిల్వల అంచనాలో మన కృష్ణా గోదావరి బేసిన్ కూడా ఉంది. కాలువలూ వరిచేలూ రొయ్యల చెరువులూ ఒకదాన్నొకటి ఆనుకున్న డెల్టాలో ఆ ఉప్పునీళ్ళు ఎక్కడ పోస్తారు?

కరెంటుకైతే గ్యాస్ లేకుండా దారి ఉంది. (యూరియా ఫ్యాక్టరీకి గ్యాసే ముడిసరుకు, అది వేరే చర్చ.) డాబా మీద కిలోవాట్ సోలారుకు వంద చదరపు అడుగులు చాలు, రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ. వాటర్ ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరుసంతా నీరసిస్తుంది, కాబట్టి బిగించేముందే ఉదయం, సాయంత్రం నీడలు చూసుకోవాలి. వీధి కరెంటు పోతే, దానికి కలిపిన బ్యాటరీ లేని సోలార్ ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. లైనుమీద పనిచేసేవాళ్ళకి షాకు కొట్టకుండా పెట్టిన ఏర్పాటది, చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు.

రాత్రి సంగతేమిటంటే, పాణ్యం దగ్గర పిన్నాపురం చూడండి. పగటి కరెంటుతో నీళ్ళు పై రిజర్వాయరులోకి తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పే 1,680 మెగావాట్ల ప్రాజెక్టు. అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి, ఆవిరైనంత మాత్రం నింపాలి. ఇలాంటి ప్లాంట్లలో నూరు యూనిట్లు ఖర్చుపెట్టి తోడితే వెనక్కి వచ్చేది డెబ్బై అయిదు నుంచి ఎనభై.